జింక్ డబ్బాలు, మా నాయిన షుగరు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో ఒంట్లో ఖనిజాలు తగ్గితే షుగర్ వస్తుందని వేసినారు కదా, అది చదివి రాస్తా ఉండాను. తప్పు రాసినారని కాదు, సగమే రాసినారు.

మా నాయిన చిత్తూరు పక్కన పల్లెలో ఉంటాడు, తొమ్మిదేళ్లుగా షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడతా ఉండాడు. తిరుపతికి వచ్చినప్పుడు ఒకచోట మినరల్ టెస్ట్ అని చేసి, జింక్ తక్కువుందని రెండు డబ్బాలు చేతిలో పెట్టినారు, ఇవి వాడితే నిదానంగా షుగర్ మాత్రలే అక్కర్లేదని కూడా అన్నారంట. అంతే, ఎవరికీ చెప్పకుండా రాత్రి మాత్ర మానేసినాడు. సంక్రాంతికి ఊరికి పోయి చూస్తే పరగడుపున షుగర్ 236. డబ్బా వెనకాల చీమ తలకాయంత అక్షరాలు, ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసుకుంటే అప్పుడు కనపడింది, ఒక్కో మాత్రలో సెలీనియం (అదీ ఒక ఖనిజమే) 100 మైక్రోగ్రాములని, రోజుకి రెండు మింగమన్నారు.

జింక్‌కి షుగర్‌కి సంబంధం నిజంగానే ఉంది. పాంక్రియాస్‌లో షుగర్ని అదుపు చేసే ఇన్సులిన్ ఆరేసి అణువులు జింక్‌ని పట్టుకుని కట్టకట్టి నిల్వ ఉంటాయి. కానీ షుగర్ ఎక్కువుండేవాళ్లకి యూరిన్‌లో జింక్ కూడా ఎక్కువ పోతుంది, మరి జింక్ తగ్గి షుగర్ వచ్చిందా, షుగర్ వచ్చి జింక్ తగ్గిందా అనేది ఒక్క రక్తపరీక్షతో ఎట్లా తేలుస్తారు?

సెలీనియం సంగతి చదివినాక నాకు చేతులు ఆడలేదు. అమెరికాలో చర్మ క్యాన్సర్ రాకుండా ఆపుతుందేమోనని రోజుకి 200 మైక్రోగ్రాములు ఇచ్చి ఏడేళ్లకు పైగా చూసినారు, 2007లో ఆ లెక్కలు బయటికొస్తే ఉత్తుత్తి మాత్ర మింగినోళ్లకన్నా సెలీనియం మింగినోళ్లలోనే ఎక్కువ మందికి షుగర్ వచ్చింది. తర్వాత జరిగిన ఇంకో పెద్ద ట్రయల్‌లో ఆ తేడా అంత గట్టిగా కనపడలేదు, అయితే షుగర్ రాకుండా ఆపిందీ లేదు. మా నాయిన మింగింది సరిగ్గా ఆ 200.

ఐరన్ కూడా అంతే, ఒంట్లో మరీ పేరుకుంటే షుగర్ ముప్పు పెరుగుతుంది, ఇంకోపక్క ఐరన్ తక్కువై రక్తం లేని ఆడోళ్లకి మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ చూపించొచ్చు.

బియ్యం తెల్లగా పాలిష్ పట్టించేటప్పుడు తవుడుతోపాటు మెగ్నీషియం చాలావరకు, జింక్ కొంత మిల్లులోనే పోతాయి. మన ఇళ్లల్లో సంగటి, ఉలవలు, చెనక్కాయల ఊరిబిండి ఉండనే ఉండాయి, వాటికి డబ్బాల ఖర్చు లేదు. సంగటైనా ముద్ద మీద ముద్ద తింటే షుగర్ పెరుగుతుంది లెండి, అదీ చెప్పాల.

మా ఊర్లో టీ అంగడి కాడ మీ పేపర్నే చేతులు మార్చుకుని చదువుతారు, మా నాయిన కూడా. అందుకే అడుగుతా ఉండాను, వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో, డాక్టర్ని అడక్కుండా షుగర్ మాత్ర ఆపొద్దని, డబ్బా వెనక సెలీనియం ఎంతుందో చూసుకోమని వేయండి.

ఇట్లు
ఒక పాఠకురాలు, తిరుపతి