పంట పోయింది ఒకరిది, పరిహారం మరొకరిది: వ్యవసాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. బ్యాంకులో వ్యవసాయ రుణాలు చూసి రిటైరయ్యాను. ఆనందపురం, పద్మనాభం, భీమిలి, అటు చోడవరం, మాడుగుల పల్లెల్లో తిరిగిన ఉద్యోగం నాది. నేను శాస్త్రవేత్తను కాను, రైతు సంఘం నాయకుణ్ణీ కాను. తుపాను వచ్చి వెళ్లాక రైతు ఇంట్లోంచి డబ్బు ఏ దారిన పోతుందో కౌంటర్ ఇవతల కూర్చుని చూసినవాణ్ణి. అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పంట నష్టం కింద ప్రభుత్వం ఇచ్చే ప్రతి రూపాయీ ఆ పంట వేసిన మనిషికే చేరాలి. ఇప్పుడు అది పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్లకు చేరుతోంది.

విశాఖలో కూర్చున్నవాడికి వ్యవసాయంతో ఏం పని అనుకోవచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాను విడగొట్టాక మాకు మిగిలిన సాగు చాలావరకు ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం, పెందుర్తి మండలాల్లోనిదే. అక్కడా ఏటేటా లేఅవుట్లు లేస్తున్నాయి. కానీ మా కుళాయిల్లోకి వచ్చే నీళ్లలో కొంత తాటిపూడిది, కొంత రైవాడది. ఆ జలాశయాల కింద పొలాలున్నాయి. వర్షం తక్కువైన ఏడాది ఎవరి వాటా మీద కోత పడుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. అందుకని నగరంలో ఉన్నవాళ్లకు కూడా ఈ విషయం మాట్లాడే హక్కే కాదు, బాధ్యత కూడా ఉందనుకుంటాను.

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. ఆ లెక్క ఇప్పుడు కుదరడం లేదు. 2023 ఖరీఫ్‌నే తీసుకోండి. ఆ ఆగస్టులో దేశం మొత్తం మీద సాధారణం కంటే 36 శాతం తక్కువ వర్షం పడింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు ఇంకొకటి లేదు. చెరువులో నీళ్లు లేకపోతే ఉభాలు (నాట్లు) వెనకబడతాయి. ఉభాలు వెనకబడితే పూతా, కోతా కూడా వెనక్కే జరుగుతాయి, అంటే నేరుగా తుపానుల రోజుల్లోకి. అదే ఏడాది డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంత దూరంలో దాటినా వాన మా దాకా వచ్చింది. కోసి పొలంలో వేసిన పనలు తడిస్తే గింజ రంగు మారుతుంది, మొలకొస్తుంది. 17 శాతం తేమ దాటిన ధాన్యం కొనుగోలు కేంద్రం తీసుకోదు. ఆగస్టులో రాని వాన కూడా, డిసెంబరులో వచ్చిన వాన కూడా ఒక్క రైతు ఖాతాలోనే పడ్డాయి.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టి ఉంచుకోగలదు. ఒకప్పుడు మూడు రోజుల ముసురుగా పడే వాన ఒక రాత్రిలోనే కుమ్మరించడానికి ఇదొక కారణం. రాత్రి ఉక్క సంగతి మనం అసలు పట్టించుకోం. రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వరి దిగుబడి 10 శాతం పడిపోతుందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలతో 2004లోనే తేల్చారు. ఇలా పోయిన పంటను నష్టంగా ఎవరూ రాయరు. బస్తాలు తక్కువొచ్చాయంటారు, అంతే.

రాసే నష్టం ఎలా రాస్తారో కూడా చెప్పాలి. నీళ్లు తీశాక చేను చాలాచోట్ల నిలబడే ఉంటుంది. ఒకసారి పద్మనాభం వైపు ఒక గట్టు మీద నిలబడి, ఆ చేను కౌలుకు చేస్తున్న ఆవిడతో, మాతో వచ్చిన ఉద్యోగి "పర్లేదు కదమ్మా, చేను పడిపోలేదు" అన్నాడు. ఆవిడ ఏమీ అనకుండా మడిలోకి దిగి ఒక వరి గొలుసు (కంకి) తెంపుకొచ్చింది. గింజల్ని ఒక్కొక్కటిగా గోటితో నొక్కి చూపించింది. పాలు రావాల్సిన గింజలు ఉత్తి పొట్టుగా అణిగిపోయాయి. "పూత మీద కొట్టింది బాబూ, ఇదంతా తాలే" అంది. అలా నొక్కుకుంటూ గొలుసు చివరిదాకా వెళ్లింది. పాలున్న గింజలు అక్కడక్కడా తగిలాయి. ఫొటోలో మాత్రం ఆ చేను పచ్చగా వచ్చింది.

నిబంధన ప్రకారం నష్టం కనీసం 33 శాతం ఉండాలి. 32 అయితే ఏమీ రాదు. ఉంటే, 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన సాయం నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు రూ.17,000, వర్షాధారానికి రూ.8,500, అదీ 2 హెక్టార్ల వరకే. మన లెక్కలో చెప్పాలంటే తడి పొలానికి ఎకరాకు ఏడు వేల లోపు. రాష్ట్రం కొన్నిసార్లు పెంచి ఇచ్చిన మాట నిజమే. కానీ ఆ డబ్బు ఈవిడకు రావాలంటే ఈ-పంటలో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, ఈవిడ పేరుండాలి. కౌలు రైతు పేరు ఎక్కాలంటే 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కు పత్రం కావాలి. ఆ పత్రానికి భూ యజమాని సంతకం కావాలి. ఆ యజమాని విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాడు, కాకపోతే హైదరాబాద్‌లో, అదీ కాకపోతే అమెరికాలో. సంతకం పెడితే భూమికి ఎసరొస్తుందేమోనని భయం. పదకొండు నెలల కాగితంతో భూమి మీద హక్కు పోదని చట్టంలోనే రాసి ఉంది. అయినా ఆ భయం పోలేదు.

నాకు తెలిసిన యజమానులు చెడ్డవాళ్లు కారు. ఖాతాలో పడిన సాయాన్ని తీసుకెళ్లి కౌలుదారు చేతిలో పెట్టినవాళ్లను చూశాను. ఆ డబ్బు తమకు రావాల్సిన మక్తాలో (కౌలులో) జమ కట్టుకున్నవాళ్లనూ చూశాను. ప్రభుత్వ పథకం వాళ్ల మంచితనాన్ని నమ్ముకుని నడవకూడదు కదా.

పత్రం లేనివాడికి ఇంకో దెబ్బ వడ్డీ దగ్గర తగులుతుంది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. అదే చేను కౌలుకు చేసేవాడు మదుపు కోసం నూటికి నెలకు రెండు, మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు, అంటే ఏడాదికి 24 నుంచి 36 శాతం. పంట 33 శాతం పోతే పంట రుణాన్ని రీషెడ్యూల్ చేయడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. వడ్డీ వ్యాపారికి అలాంటి నిబంధన లేదు. అందుకే తుపాను తర్వాత మా దగ్గర రద్దీ పంట రుణాల టేబుల్ దగ్గర ఉండేది కాదు, గోల్డ్ లోన్ కౌంటర్ దగ్గర ఉండేది. నల్లపూసల గొలుసు తెచ్చేవారు. పూసల బరువు తీసేసే లెక్క కడతారని తెలిసి కొందరు ఇంట్లోనే పూసలు ఊడదీసి, కొంగున మూట కట్టి తెచ్చేవారు. అప్రైజర్ గీటురాయి మీద గీసి, తూచి, ఎంతొస్తుందో చెప్పేవాడు. బేరమాడేవాళ్లు తక్కువ. ఆ మరుసటేడు వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకునేవారు. ఆ పైయేడు వేలం నోటీసు వెళ్లేది. ఈలోగా కొడుకు డిగ్రీ మధ్యలో వదిలేసి చెన్నైలో సెంట్రింగ్ పనికి వెళ్లిపోయుండేవాడు. పేదరికం మనం అనుకున్నట్టు తుపానుతో పాటే రాదండీ, రెండేళ్లు పోయాక వస్తుంది. అప్పటికి నష్టం లెక్కలు రాసిన ఫైలు మూతపడి ఉంటుంది.

ప్రపంచంలో ఎక్కడ చూసినా ఇదే వరస. 2019 మార్చిలో ఇడాయ్ తుపాను మొజాంబిక్‌ను కొట్టింది సరిగ్గా మొక్కజొన్న కోతల ముందు. 2022 వరదలు పాకిస్తాన్‌లో 3 కోట్ల 30 లక్షల మందిని ముంచాయి. భూమి వేడెక్కడంలో వాళ్ల పాత్ర చాలా తక్కువ. ఆ ఏడాదే ఈజిప్టులో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సులో, ఇలా నష్టపోయిన దేశాలను ఆదుకునే నిధికి ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. 2024లో బాకూలో అదే సదస్సుకు వచ్చేసరికి, వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి అభివృద్ధి చెందుతున్న దేశాలు ఏటా 1.3 లక్షల కోట్ల డాలర్లు అడిగితే, సంపన్న దేశాలు 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. మన ప్రతినిధులు దాన్ని అక్కడికక్కడే వ్యతిరేకించారు. మంచి పని చేశారు. తప్పు చేయనివాడు నష్టం ఎందుకు మోయాలి, సాయం అసలు బాధితుడికే ఎందుకు చేరదు అన్నదే కదా మన వాదన. బాకూలో మనం అడిగిన న్యాయాన్నే పద్మనాభం కౌలుదారు మిమ్మల్ని అడుగుతున్నాడు.

బీమా ఉంది కదా అంటారేమో. ఫసల్ బీమాలో కోసి ఆరబెట్టిన పంట తడిస్తే 72 గంటల్లో తెలియజేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక విశాఖ నగరంలోనే రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. అలాంటప్పుడు పల్లెలో ఉన్నవాడు 72 గంటల్లో ఎవరికి చెబుతాడు? ఆ తుపానుకు నగరం తన చెట్లను తలచుకుని ఇప్పటికీ బాధపడుతుంది. అరకులో గిరిజన రైతులు పోగొట్టుకున్న సిల్వర్ ఓక్‌లు మాత్రం ఎవరికీ గుర్తు లేవు. ఆ చెట్టే కాఫీకి నీడ, మిరియాల తీగ పాకేదీ దాని మీదే. ఒక్క చెట్టు పడితే రెండు పంటలు పోతాయి, అది మళ్లీ నీడిచ్చేసరికి ఏళ్లు పడుతుంది. సాయం మాత్రం ఒక్కసారికే.

కాబట్టి మీ శాఖ చేయగలిగినవే అడుగుతాను. ఈ-పంటలో సాగు చేస్తున్న మనిషి పేరు యజమాని సంతకం లేకుండా ఎక్కాలి. చుట్టుపక్కల చేల రైతుల సాక్ష్యం, పొలంలో తీసిన ఫొటో సరిపోవాలి. ఈ నమోదు నష్ట పరిహారానికి, బీమాకు, ధాన్యం అమ్మకానికి మాత్రమేననీ, యాజమాన్యానికి దీనితో సంబంధం లేదనీ పెద్ద అక్షరాలతో అందులోనే అచ్చు వేయించండి. దాంతో సగం భయం పోతుంది. తుపాను వెళ్లిన రెండు వారాల్లోపు, వర్షపాతం లెక్కను బట్టి మొదటి విడత ఇచ్చేయండి. చేలు తిరిగి రాసే లెక్క ఆ తర్వాత చూసుకోవచ్చు. పూత మీద వాన పడిన మండలాల్లో కోత ముందు ఇంకోసారి చేను చూడమనండి, తాలు అప్పుడే బయటపడుతుంది. రెండు వారాల ముంపును తట్టుకునే స్వర్ణ సబ్-1 లాంటి విత్తనం పల్లపు చేల రైతులకు మే నెలలోనే రైతు సేవా కేంద్రాల్లో దొరకాలి. రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమితి సమావేశంలో, తుపాను మండలాల్లో రైతుల బంగారం వేలాన్ని ఒక పంట కాలం ఆపమని అడగండి. మీరు అడిగితే బ్యాంకులు కాదనవు, నేను ఆ టేబుల్‌కు ఇటువైపు ఉండి వచ్చినవాణ్ణే.

వీటిలో మొదటిది, సంతకం సంగతి, వచ్చే ఖరీఫ్ ఈ-పంట నమోదు మొదలయ్యేలోపు తేలాలి. నమోదు ముగిశాక జీవో వస్తే ఇంకో ఏడాది ఇలాగే పోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
సీతమ్మధార, విశాఖపట్నం