ఆటను నిజమని నమ్మింది పెద్దలే

సంపాదకుడికి,

సైనికుల్లా జట్టుకట్టి కాల్చుకునే వీడియో గేములను పూర్తిగా నిషేధించాలని, వాటివల్ల పిల్లలకు ఆటకూ నిజానికీ తేడా తెలియకుండా పోతోందని మీ పాఠకుడొకరు ఈమధ్య రాశారు. ఆయన బాధ అర్థమవుతుంది. కానీ ఆ తేడా తెలియనిది పిల్లలకు కాదు, మనకు.

నిషేధాలు చూశాం. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను ఆపేశారు. అదీ దేశ భద్రత, సమాచార భద్రత పేరుతో. హింస ఉందని కాదు. పబ్జీ 2021లో బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది, మరుసటేడు ఆగింది, 2023లో మళ్లీ తెరుచుకుంది. ఈలోగా మా సిరోంచ కుర్రాళ్లు ఆడడం మానారా అంటే, లేదు.

అసలు సంగతికి వస్తాను. ఆర్మా 3 అని చెక్ దేశపు కంపెనీ 2013లో తెచ్చిన కంప్యూటర్ గేము ఉంది. జట్టులో ఒకడు నాయకుడు, ఒకడు గాయాలకు కట్టు కట్టేవాడు, ఒకడు మెషిన్‌గన్ పట్టేవాడు. యుద్ధాన్ని అచ్చం అలాగే చూపిస్తుంది. 2021 సెప్టెంబరులో ఆ గేము దృశ్యాన్నే అఫ్గానిస్తాన్‌లోని పంజ్‌షీర్ లోయపై పాకిస్తాన్ విమాన దాడి అంటూ మన దేశపు కొన్ని టీవీ చానెళ్లు ప్రసారం చేశాయి. స్టూడియోల్లో చర్చలు కూడా పెట్టుకున్నవాళ్లు పదో తరగతి పిల్లలు కారు కదా! 2022 నవంబరులో ఆ కంపెనీయే ప్రకటన ఇచ్చి, ఉక్రెయిన్ యుద్ధమంటూ తిరుగుతున్న తమ గేము వీడియోలను ఎలా పట్టుకోవాలో చెప్పింది: మసక బొమ్మ, వణికే కెమెరా, చీకటి, శబ్దం లేకపోవడం, కదిలే మనుషులు పెద్దగా కనిపించకపోవడం.

మా వీధిలో ఒక పెద్దాయన అలాంటి వీడియోనే ‘నిన్న రాత్రి సరిహద్దులో జరిగింది’ అని అరుగు మీద అందరికీ చూపిస్తున్నారు. పక్కనున్న మనవడు ఫోన్ లోపలికి తొంగిచూసి, ‘తాతా, గిది గేమే. మూలకు జూడు, గోలీల లెక్క కనవడ్తుంది’ అన్నాడు. నిజమే, తెర కింద మూలన చిన్న అంకెలు. పెద్దాయన ఒప్పుకోలేదనుకోండి, అది వేరే విషయం. అప్పటికే మూడు గ్రూపులకు పంపేశారు.

మా దగ్గర ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. గడ్చిరోలి జిల్లాలో తుపాకీ మోత నిజంగా విన్నవాళ్లున్నారు. 2019 మే 1న జాంభుల్‌ఖేడా దగ్గర మావోయిస్టుల మందుపాతర పేలి 15 మంది పోలీసు జవాన్లు, వాళ్ల వాహనం డ్రైవరు చనిపోయారు. గోదావరి, ప్రాణహితలకు అవతల తెలంగాణలో మాకు చుట్టరికాలు, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. ‘ఎన్‌కౌంటర్’ అన్న మాట తగిలించిన ఒక దొంగ వీడియో మరాఠీ, తెలుగు, గోండీ ఇళ్లన్నింటికీ ఒకే పూటలో చేరుతుంది. జవాను ఉన్న ఇంట్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోరు.

చిన్న పిల్లలకు ఈ గేములు ఇవ్వకూడదన్నది సరైన మాటే. డౌన్‌లోడ్ చేసేచోట వయసు హద్దు రాసే ఉంటుంది. కానీ ఫోనూ అమ్మదే, ఖాతా కూడా అమ్మదే అయినప్పుడు దాన్ని అడిగేదెవరు? గేము తయారీదార్లను గట్టిగా అడిగితే వింటారు కూడా. 2017లో అదే ఆర్మా 3కి రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ సహకారంతో యుద్ధ నియమాల మీద ఒక భాగం చేర్చారు. అందులో ఆటగాడు మందుపాతరలు ఏరేసే సహాయ సంస్థ మనిషి. నిషేధం కోరేవారు ఇలాంటివి ఇంకా కావాలని ఎందుకు కోరరో నాకు అర్థం కాదు.

నేను కోరేవి రెండే. మా జిల్లా బడుల్లో కంప్యూటర్ పీరియడ్‌లో ఒక్క గంట, దొంగ యుద్ధ వీడియోను గుర్తుపట్టడం నేర్పాలి. పాఠం చెప్పే పని తొమ్మిదో తరగతి కుర్రాడికి అప్పగించినా చాలు. రెండోది మీకే. మీ వెబ్‌సైట్‌లో యుద్ధ దృశ్యం పెట్టేముందు అది ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీసిందో ఒక వరుసలో రాయండి. అది తెలియనప్పుడు వీడియో పెట్టకండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సిరోంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర