గోవా పోకర్ గురించి సగమే రాశారు

సంపాదకులు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో గోవా టూర్ గురించి వేసింది చదివాను. బీచ్‌లు, చేపల కూర అంతా బానే ఉంది గానీ చివర్లో మాండోవి నది మీద క్యాసినో షిప్పెక్కి పోకర్లో కూడా లక్ చూసుకోండి అని ఒక్క లైన్లో తేల్చేశారు చూడండి, అక్కడే మండింది, ఎందుకంటే మొన్న డిసెంబర్లో నేను చేసింది సరిగ్గా అదే.

గోవాలో హోటల్ క్యాసినోల్లో మెషిన్ ఆటలే, డీలర్ చేత్తో ముక్కలు పంచే ఆట కావాలంటే పణజిలో చిన్న పడవెక్కి షిప్పు దాకా పోవాల్సిందే. ఎంట్రీ ప్యాకేజీలో చిప్స్ ఇచ్చారు, తీరా పోకర్ రూమ్‌కి వెళ్తే అవి ఇక్కడ చెల్లవు సార్ అన్నారు, ఆ ముక్కేదో ఒడ్డున టికెట్ కొట్టేటప్పుడు చెప్పొచ్చుగా! సరే వచ్చాం కదా అని 20 వేలు పెట్టి వంద-రెండొందల టేబుల్లో, అంటే ముక్కలు పంచకముందే ఇద్దరు వంద, రెండొందలు పందెం పెట్టే టేబుల్లో కూర్చున్నా.

మనకి సంక్రాంతి రమ్మీ అలవాటు కదా, ముక్కలు చూడగానే డ్రాప్ అంటే 20 కౌంట్ పడుద్ది కాబట్టి ఇంకో ముక్క వస్తుందేమో అని లాగుతూనే ఉంటాం. పోకర్లో ఆ అలవాటే కొంప ముంచింది. నా చేతిలో ఆటీన్ రాణి, ఆటీన్ తొమ్మిది, కింద అందరికీ కలిపి పరిచే ఐదు ముక్కల్లో నాలుగు తెరిస్తే అందులో రెండు ఆటీన్లు, ఆఖరిది కూడా ఆటీన్ పడితే ఐదూ ఒకే గుర్తై పెద్ద చెయ్యి అవుతుంది. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెం డబ్బులో 12 వేలుంటే ఎదుటాయన 8 వేలు పెట్టాడు. నాకు కనపడని ముక్కలు 46, అందులో ఆటీన్లు 9, అంటే ఐదుసార్లకి ఒకసారి కూడా గట్టిగా రాదు, 28 వేల కోసం 8 వేలు పెట్టాలంటే మూడున్నర సార్లకి ఒకసారైనా రావాలి. ఈ లెక్క రూమ్‌కొచ్చాక వేశాలెండి, అప్పుడైతే కాల్ అనేసి ఆ 8 వేలూ పెట్టేశా. వచ్చింది కళావరు నాలుగు. ఆయన రాజుల జత చూపించాడు.

ఇంకోటి, పోకర్లో మనం షిప్పు వాళ్ల మీద ఆడం, పక్కోళ్ల మీదే ఆడతాం, అందుకే నైపుణ్యం ఉంటే గెలవొచ్చంటారు, నిజమే. కానీ డీలర్ ప్రతి పాట్ లోంచి రెండు మూడు చిప్స్ పక్కకి తీసి టేబుల్ కంతలో టక్కున వేస్తాడు, దాన్నే రేక్ అంటారు. గంటకి 25 హ్యాండ్లు, అంటే పంపకాలు పడతాయి, ఒక్కోదాంట్లో ఐదొందలు పోయినా టేబుల్ మీంచి 12 వేలు పైనే ఎగిరిపోయినట్టు. అంటే బాగా ఆడితే చాలదు, ఆ రేక్ కూడా గిట్టుబాటు అయ్యేంత బాగా ఆడాలి. మీ ఆర్టికల్‌లో దీని ఊసే లేదు.

2020 నుంచి గోవా వాళ్లకే ఆ క్యాసినోల్లో ఎంట్రీ లేదు. మనకి మాత్రం దండిగా స్వాగతం!

పక్క సీట్లో భీమవరం పెద్దాయన ఒకాయన, గంటసేపు ముక్కలు చూడ్డం పడెయ్యడం, అంతే. తెల్లారుజామున తిరుగు పడవలో పలకరించి, బాబూ నేను రాత్రంతా ఆడింది పది పన్నెండు హ్యాండ్లే, మీరు ఒక్కటీ వదల్లేదుగా అన్నాడు నవ్వుతూ. ఆయన జేబు సంగతి నేను అడగలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు, వరంగల్