వార్షిక నివేదిక: బిట్‌కాయిన్ తెలుగు పత్రాలు, వాటి పరిశీలన

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది కార్యక్రమం, పిల్లలకు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది మన శ్రమ ఎక్కువగా వెచ్చించింది మాత్రం, ఏ బ్యాంకూ నడపని డిజిటల్ నాణెమైన బిట్‌కాయిన్‌ను నడిపే ‘బిట్‌కాయిన్ కోర్’ సాఫ్ట్‌వేర్ వివరణ పత్రాల మీద. వాటిని తెలుగులో రాయడం, రాసిన ప్రతి సూచననూ కంప్యూటర్ మీద చేసి చూడటం, మూలంలో సవరించవలసినది ఉంటే ఆ సాఫ్ట్‌వేర్‌ను తయారు చేసే ప్రాజెక్టుకు పంపడం అనే ఈ మూడు పనుల గురించే ఈ నివేదికలో రాస్తున్నాను.

ఈ పని మన సంఘానికి ఎందుకని గత సర్వసభ్య సమావేశంలో కొందరు పెద్దలు అడిగారు. మిర్చి సీజనులో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి వచ్చే సభ్యులకు కారణం తెలుసు. పంట డబ్బు చేతికి వచ్చే రోజుల్లోనే ‘కాయిన్’ పేరుతో ఆశ చూపేవారూ తిరుగుతుంటారు. పదిమందిని చేర్పిస్తే రెట్టింపు అంటారు. వారిని నిలదీసి అడగడానికి కావలసిన సమాచారం తెలుగులో దొరకడం కష్టం, దొరికినదాంట్లో చాలావరకు అమ్ముకునేవారు రాసిందే. బ్యాంకులో పొరపాటు జరిగితే శాఖకు వెళ్లి ఫిర్యాదు రాసి ఇవ్వవచ్చు. బిట్‌కాయిన్‌లో చెల్లింపులను ‘బ్లాకులు’ అనే కట్టలుగా ఒకదాని మీద ఒకటి నమోదు చేస్తారు, ఒకసారి వాటిలో చేరిన చెల్లింపును వెనక్కి తిప్పే మేనేజరు ఎవరూ లేరు. ఇటువంటి చోట తప్పుడు వాక్యం ఒక కుటుంబం డబ్బును ముంచుతుంది. కొనమని గానీ అమ్మమని గానీ మన పత్రాల్లో ఎక్కడా ఉండదు, ఉండబోదు.

మనం పెట్టుకున్న నియమం ఒకటే. రాసినవారి మాట చాలదు. ముసాయిదాను రాయని మరొక సభ్యుడు దాన్ని ముందు పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు చేయాలి. రాసినవారు పక్కనే కూర్చోవచ్చు, నోరు విప్పకూడదు. చదివేవారు ఎక్కడ ఆగిపోతే అక్కడ ముసాయిదా మారాలి. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమణ పొందిన మన సభ్యులొకరు ఈ పనికి పెట్టింది పేరు. కాగితం మీద లేనిదాన్ని ఆయన తన బుర్రతో పూరించరు.

రెగ్‌టెస్ట్ పాఠం దీనికి మంచి ఉదాహరణ. ఇది మన కంప్యూటర్‌లోనే నడిచే అభ్యాస వ్యవస్థ. ఇందులోని నాణేలకు పైసా విలువ ఉండదు కాబట్టి నేర్చుకోవడానికి దీనికి మించిన చోటు లేదు. పాత పాఠాలను చూస్తే, ప్రోగ్రాం తెరిచి, చిరునామా తీసుకుని, ‘జనరేట్’ ఆదేశం ఇస్తే నాణేలు వస్తాయని ఉంటుంది. ఆ దారిన వెళ్లినవారు రెండుచోట్ల ఆగిపోతారు. బిట్‌కాయిన్ కోర్ 0.21 వెర్షన్ నుంచి వాలెట్ (నాణేల తాళాలను దాచే డిజిటల్ పర్సు) దానంతటది తయారు కాదు, మనమే సృష్టించాలి. ‘జనరేట్’ ఆదేశాన్ని 0.19 వెర్షన్‌లోనే తీసేశారు, దాని బదులు ‘జనరేట్‌టుఅడ్రస్’ వాడాలి. ఈ రెండూ దాటాక ఒక బ్లాకు తయారు చేసి నిల్వ చూస్తే సున్నా కనిపిస్తుంది. మన పరిశీలకులు అక్కడ ఆగి, డబ్బు ఎక్కడికి పోయిందని అడిగారు. పోలేదు. కొత్తగా పుట్టిన నాణెం మీద మరో 100 బ్లాకులు పడితే గానీ అది ఖర్చుకు పనికిరాదు. అందుకే పాఠంలో 101 బ్లాకులు తయారు చేయమని రాశాం, అప్పుడు నిల్వ 50 చూపుతుంది. అసలు బిట్‌కాయిన్‌లో ప్రతి 2,10,000 బ్లాకులకు ప్రతిఫలం (ఒక బ్లాకు తయారు చేసినవారికి దక్కే కొత్త నాణేలు) సగమవుతుంది, రెగ్‌టెస్ట్‌లో 150 బ్లాకులకే సగమవుతుంది. ఆ తేడా చెప్పకపోతే, ఇక్కడ చూసిందే అక్కడా అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి అదీ చేర్చాం.

అంకెల దగ్గర మరింత జాగ్రత్త పడ్డాం. ఇంగ్లీషు మిలియన్లు మన లక్షలు, కోట్లలోకి మారేటప్పుడు ఒక సున్నా జారితే మొత్తం తారుమారవుతుంది. బిట్‌కాయిన్‌లో అతి చిన్న భాగాన్ని సతోషీ అంటారు, ఒక బిట్‌కాయిన్‌కు 10 కోట్ల సతోషీలు. మొత్తం బిట్‌కాయిన్లు 2 కోట్ల 10 లక్షలని అందరూ రాస్తారు. గణితం చదివే విద్యార్థిని ఒకరు ఆ లెక్కను మొదటినుంచీ కట్టి చూశారు. 50తో మొదలైన ప్రతిఫలం 2012లో 25కు, 2016లో 12.5కు, 2020లో 6.25కు, 2024 ఏప్రిల్‌లో 3.125కు తగ్గింది. ఇలా సగం చేస్తూ పోయేటప్పుడు సతోషీకన్నా చిన్న భాగాన్ని ప్రోగ్రాం వదిలేస్తుంది. అందువల్ల మొత్తం 2,09,99,999.9769 దగ్గర ఆగిపోతుంది. వ్యవహారంలో ఆ తేడా లెక్కలోకి రానిదే కావచ్చు. అయినా పత్రంలో ‘2 కోట్ల 10 లక్షలు మించవు’ అని రాశాం. ఆ అమ్మాయి కట్టిన లెక్కల కాగితం మన ఫైల్లో భద్రంగా ఉంది, సభ్యులు తప్పక చూడాలి.

సాఫ్ట్‌వేర్ దింపుకున్నాక అది అసలుదా కాదా అని చూసుకునే భాగానికే అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది. ఫైలుకు 64 అక్షరాల హాష్ ఉంటుంది, ఇది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఫైలు మారితే ఇదీ మారుతుంది. మొదటి నాలుగు, చివరి నాలుగు కలిస్తే చాలనుకునే అలవాటు చాలామందికి ఉంది. మొత్తం 64 కలవాలి, ఆ పోలికను కంటికి వదలకుండా కంప్యూటర్‌తోనే చేయించాలి. అంతటితోనూ సరిపోదు. ఫైలును మార్చినవాడు పక్కనున్న హాష్‌నూ మార్చగలడు. అందుకే హాష్‌ల జాబితా మీద ఉండే డిజిటల్ సంతకాలను కూడా పరిశీలించాలి. 22వ వెర్షన్ నుంచి ఆ జాబితా మీద, ప్రోగ్రాంను విడివిడిగా నిర్మించి చూసిన పలువురి సంతకాలు ఉంటున్నాయి. ఈ భాగం ఇంకా కొంత బరువుగానే ఉంది, మరొక విడత సులభం చేయవలసి ఉంది.

మన దేశ చట్టాల సంగతిని వేరే చిన్న పుస్తకంగా ఉంచాం. అది ప్రాజెక్టు పత్రాల్లో చేరేది కాదు. క్రిప్టో (బిట్‌కాయిన్ వంటి డిజిటల్ నాణేలు) వ్యవహారాలకు బ్యాంకులు సేవలు అందించకూడదన్న 2018 ఏప్రిల్ 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌ను 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టివేసింది. అంతమాత్రాన క్రిప్టో మన దేశంలో చట్టబద్ధమైన చెల్లుబాటు నాణెం కాలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభంపై 30 శాతం పన్ను, అదే ఏడాది జులై 1 నుంచి బదిలీపై 1 శాతం టీడీఎస్ అమల్లోకి వచ్చాయి. నష్టాన్ని మరో ఆదాయంలో తగ్గించుకోవడానికి వీల్లేదు. మోసపోయినవారు వెంటనే పిలవవలసిన 1930 నంబరును అట్ట మీదే పెద్ద అక్షరాలతో వేయించాం.

ప్రాజెక్టుకు పంపే తీరు కొత్త సభ్యులు తెలుసుకోవాలి. బిట్‌కాయిన్ కోర్ తెరమీద కనిపించే మాటల అనువాదం ట్రాన్సిఫెక్స్ అనే అనువాద వెబ్‌సైట్ ద్వారానే వెళ్లాలి, నేరుగా కోడ్‌లో మార్పుగా పంపితే తీసుకోరు. పెద్దగా ప్రయోజనం లేని చిన్నాచితకా సవరణలను వెంటనే మూసివేయవచ్చని వారి నియమాల్లోనే ఉంది. పరిశీలించేవారి సమయం విలువైనది. అందుకే ఏ వెర్షన్‌లో, ఏ ఆదేశంతో చూశామో, తెరమీద ఏమి వచ్చిందో జతచేయకుండా ఏదీ పంపకూడదని కార్యవర్గం తీర్మానించింది. యంత్రం చేసిన అనువాదాన్ని చదవకుండా పంపడాన్ని పూర్తిగా నిషేధించాం. పంపినదానికి జవాబు ఆలస్యమైతే ఓపిక పట్టాలి. ప్రశ్న వస్తే పంపినవారే జవాబు ఇవ్వాలి.

ఖర్చంతా సభ్యత్వ రుసుముల నుంచే జరిగింది. క్రిప్టో వ్యాపార సంస్థల నుంచి విరాళం తీసుకోలేదు, సంఘం పేరిట ఏ నాణెమూ కొనలేదు. లెక్కలు సర్వసభ్య సమావేశంలో సభ్యుల ముందుంటాయి.

వచ్చే ఏడాది మొదటి పని నోడ్ (బ్లాకులన్నిటినీ స్వయంగా సరిచూసే కంప్యూటర్) నడిపే పాఠం. మొత్తం బ్లాకుల చరిత్ర 600 జీబీ దాటింది, మన సభ్యుల్లో చాలామంది ల్యాప్‌టాప్‌లలో అంత చోటు లేదు. పాత బ్లాకులను తొలగిస్తూ నడిచే ప్రూన్ పద్ధతిలో బ్లాకుల కోసం 550 ఎంబీ కేటాయించినా సరిపోతుంది. అయితే మొదట మొత్తం చరిత్రను దింపుకుని సరిచూడక తప్పదు, దానికి ఎంత డేటా అవుతుందో ముందే చెప్పాలి. ఈ పాఠాన్ని పరిశీలించడానికి పాత ల్యాప్‌టాప్, ఇంట్లో అపరిమిత ఇంటర్నెట్ ఉన్న సభ్యులు కావాలి. ఇంతకుముందు ఈ పత్రాలను చూడనివారైతే మరీ మంచిది. హనుమకొండ, కాజీపేటల్లో ఉన్నవారు ఆదివారం బైఠక్‌లో పేరు ఇవ్వండి. కరీంనగర్, మహబూబాబాద్ సభ్యులు ఫోనులో చెప్పినా చాలు, ముసాయిదా అచ్చుప్రతిని ఇంటికే పంపుతాం.

కార్యదర్శి,
హనుమకొండ