రిపోర్టులు పంపు

చి. సౌ. స్రవంతికి, అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. సకినాలు డబ్బాకెత్తి పెట్టాను. కొరియర్ చేయమంటే మీ బాపు రేపు రేపంటున్నారు. పండుగకు రాలేదు సరే, ఫోనైనా ఎత్తవేం? స్వరూపత్త ఏదో అంది గాని, ఆమె మాటలు నేనెప్పుడు పట్టించుకున్నాను కనుక!

రాత్రిపూట గుండెల్లో మంటని ఆసుపత్రికి వెళ్లావట. ఈసీజీ బాగుందని పంపించారట. తొలి గంటల్లో ఈసీజీ మామూలుగానే కనిపించవచ్చు బిడ్డా. గుండె కండ దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్ ఉంటుంది, ట్రోపోనిన్ అని, అది చూశారా? కొన్ని గంటలాగి మళ్లీ చూశారా? చూసి ఉంటే మంచిదే, నేను అడగలేదనుకో.

గేటు పక్క జామచెట్టు విరగకాసింది. జనార్దన్ మామ వచ్చి కోసుకెళ్లాడు. మెట్టెక్కితే ఆయాసం, అందుకని బయటి నుంచే. మామకు గుండెపోటు వచ్చిన సంగతి నీకు సగమే తెలుసు. ఆ రోజు ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకెళ్లాడు. పొద్దున్నే ఛాతీ మీద బస్తా పెట్టినట్టయింది, చెమటలు. గ్యాసనుకుని సోడా తాగాడు. కాంటా కాకుండా కదలనన్నాడు. కాంటా అయ్యాక డబ్బు లెక్క, ఆ తర్వాత చాయ్. 108కు ఫోను చేస్తే పరువు పోతుందని బండి వెనక కూర్చుని దీపాలు పెట్టే వేళకు ఆసుపత్రి చేరాడు. స్టెంటు వేసి దారి తెరిచారు. గండం గడిచిందని మీ అత్తమ్మ పద్మాక్షి గుట్టకు మొక్కింది.

బడిలో పిల్లలకు గుండె బొమ్మ గీసి నాలుగు గదులు చూపించిన దాన్నే గాని, గోడ చావడం మామకు ఎకో, అదే గుండె స్కాన్, తీసినప్పుడు ఆ తెర మీదే చూశాను. మిగతా గుండె కొట్టుకుంటోంది, ఒక పక్క గోడ కదలడం లేదు. రక్తనాళంలో కొవ్వు పొర చిట్లి, పైన రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే, ఆ వైపు కండరం ముడుచుకోవడం నిమిషంలోపే ఆగిపోతుంది. వెంటనే చావదు. సుమారు 20, 30 నిమిషాలకు లోపలి పొరలో చావు మొదలై, గంట గంటకూ బయటికి పాకుతుంది. మామ ఆ గంటలన్నీ కాంటా దగ్గర పోగొట్టుకున్నాడు. పోయిన కండ మళ్లీ పుట్టదు. నెలా రెండు నెలల్లో అక్కడ మచ్చ కడుతుంది, అది ముడుచుకోదు. దాని పనీ మిగతా కండే చేసి చేసి గది సాగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె నిండిన రక్తంలో 55 శాతమైనా తోస్తుంది, మామది 35. చావకుండా మొద్దుబారిన కండ కొంత తేరుకుని తర్వాత 40కి వచ్చింది. మందులు మానకుండా వేసుకుంటున్నాడు గనుక అంతకంటే కిందికి దిగలేదు.

ఆడవాళ్లకు నొప్పి ఛాతీలోనే రావాలని లేదు. దవడ, వీపు, వాంతి, ఉత్త ఆయాసం, ఏదైనా కావచ్చు. బాపు వైపు షుగరుంది, నీకు బీపీ ఉంది. రాత్రి పదింటికి తినడం మానెయ్. మాత్ర మరిచిపోకు. ఉపన్యాసం ఇవ్వకూడదనే మొదలుపెట్టాను, ఇచ్చేశాను.

రిపోర్టులన్నీ ఫోటో తీసి పంపు, ట్రోపోనిన్ కాగితం ముందు. అల్లుడిని అడుగుదామనుకుని, నీకు కోపమని ఆగాను. రేపు ఎనిమిదింటికి నీకే చేస్తాను, ఎత్తు. ఎత్తకపోతే తొమ్మిదింటికి అతనికే.

మీ అమ్మ
హనుమకొండ