మీకు రాస్తున్న ఏడో మెయిల్, ఇదైనా మనిషి చదవాలి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ముందు రాసిన ఆరు మెయిళ్లకీ "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని నిమిషంలో జవాబొచ్చింది. ఆ తర్వాత మనిషన్నవాడు పలకలేదు.

విషయం చిన్నదే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి నా కుట్టు షాపు రేకులు లేచిపోయాయి, మిషన్లు నీళ్లలో నానాయి. మీ దగ్గర నాలుగు లక్షలు అప్పు తీసుకుని మళ్లీ నిలబెట్టుకున్నాను. లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు లేవు, జాకెట్లు కుట్టించుకునేవాళ్లు లేరు, వాయిదాలు ఆగాయి. 2021లో మీరే పిలిచి 36 వాయిదాలకి కొత్త ఒప్పందం రాయించారు. ఒక్క రూపాయి మాఫీ నేను అడగలేదు, మీరు ఇవ్వలేదు. అంతా కట్టి, బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకున్నాను. ఇప్పుడు ఇంటి లోన్‌కి బ్యాంకుకి వెళ్తే మేనేజర్ కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించాడు. నా అప్పుల రికార్డులో, మీ లోన్ పక్కన 'సెటిల్డ్' అని ఉంది. అంటే కొంత కట్టి మిగతాది ఎగ్గొట్టానని, మీరు దయతలచి వదిలేశారని. అది 'క్లోజ్డ్' అయితేనే ఫైలు కదులుతుందట.

తప్పులు ఎవరైనా చేస్తారు. నేనూ ఒక్కోసారి చంక బిగుతుగా కుట్టేస్తాను, మళ్లీ విప్పి కుట్టిస్తాను. మీరేం చేశారో వినండి.

ఫోన్ చేసి తెలుగుకి నొక్కమన్న నంబరు నొక్కాను. హైదరాబాద్ అమ్మాయి "మీ పిన్ కోడ్ 761తో మొదలవుతోంది మేడమ్, ఒడిశా అకౌంట్ మాకు ఓపెన్ అవదు" అని ఒడియా వాళ్లకి కలిపింది. పన్నెండు నిమిషాలు మ్యూజిక్ విన్నాను. నాకు ఒడియా బాగానే వచ్చు, రోజూ బజారులో మాట్లాడేదే, అయినా ఆ అబ్బాయి నా పేరు వినగానే "మీకు తెలుగు డెస్క్ సులువు" అని మళ్లీ హైదరాబాద్‌కే తోసేశాడు. సరిహద్దు అవతల ఆంధ్రాలో, పాతపట్నంలో ఉన్న మా అక్క అకౌంట్ మాత్రం హైదరాబాద్ వాళ్లకి క్షణంలో తెరుచుకుంటుంది! వాయిదా ఒక్కరోజు ఆలస్యమైనప్పుడు మీ రికవరీ కుర్రాడు ఏ పిన్ కోడూ అడగలేదు, నేరుగా గుమ్మంలోకి వచ్చి శుభ్రమైన తెలుగులో మాట్లాడాడు.

ఇక్కడి బ్రాంచి ఎత్తేశారు కదా, షాపు మూసుకుని బరంపురం వెళ్లాను. కౌంటర్లో పెద్దమనిషి సర్టిఫికెట్ చదివి, తిప్పి, వెనకవైపు ఖాళీ కాగితం కూడా చదివి, "మీ హస్బెండ్ రాలేదా మేడమ్?" అన్నాడు. అప్పు నాది, సంతకం నాది, కట్టింది నేను. ఆయనొచ్చి ఏం చేస్తారు, టీ తాగుతారా? చివరికి "క్రెడిట్ బ్యూరో వాళ్లు మార్చాలి, మా చేతిలో లేదు" అన్నాడు. అందరి అప్పుల రికార్డులు ఉంచేది ఆ బ్యూరోనే. దానికీ ఫిర్యాదు పెట్టాను. మీరు సరేననకుండా వాళ్లు అక్షరం మార్చరు, వాళ్లు అడిగితే మీరు "సమాచారం సరైనదే" అని తిప్పి పంపారట.

పైగా ఫోన్‌కి మెసేజ్, "మీ సమస్య పరిష్కరించబడినది" అని. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, మాకే 'పరిష్కరించబడినది' అని పంపుతారా?

పదేళ్లకు పైగా మీ దగ్గరే ఉన్నాను. బండి లోను, బంగారం లోను, మా మరిది చేత కూడా మీ దగ్గరే తీయించాను. మీరిచ్చిన క్యాలెండర్ షాపు గోడకి ఇంకా ఉంది, 'మీ కుటుంబంలో ఒకరం' అని దాని మీద రాసి ఉంది. ఇలాంటి కుటుంబం ఉంటే మనిషికి వేరే శత్రువులెందుకు?

ఫిర్యాదు పెట్టి 74 రోజులైంది. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపైన రోజుకి 100 రూపాయలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు రూలు, అంటే ఇవాళ్టికి 4,400. దాంతో నాకు మేడ లేవదు గానీ వదిలేది లేదు. స్థలం వాళ్లు నెలాఖరు వరకే ఆగుతామన్నారు. ఈలోగా ఆ మాట మార్చి, కాగితం మీద రాసివ్వకపోతే, ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్తాను. దానికి ఫోన్ చేసే 14448 నంబరు షాపు గోడ మీద, మీ క్యాలెండర్ పక్కనే రాసి పెట్టుకున్నాను. జాకెట్లకొచ్చే ప్రతి ఆవిడా అదేంటని అడుగుతోంది, మొత్తం చెబుతున్నాను.

ఫోన్ చేస్తే మధ్యాహ్నం రెండు దాటాక చేయండి. మా ఆయన్ని అడగొద్దు.