ఘాట్ రోడ్డు పాఠంలో మీ సిమ్యులేటర్ వేస్తున్న మార్కులపై ఫిర్యాదు

తిరుపతి

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

ఆర్యా,

మా డ్రైవింగ్ స్కూల్లో హెవీ బండ్లు నేర్పేది నేనే. తెర ముందు కూర్చుని బండి నడపడం నేర్చుకునే మీ సిమ్యులేటర్ వచ్చినప్పటి నుంచి మొదటి పాఠాలు దాని మీదే చెబుతున్నాను. స్టీరింగ్, క్లచ్ అలవాటు కావడానికి బాగా పనికొస్తోంది. బాధంతా ఘాట్ రోడ్డు పాఠంతోనే.

పోయిన వారం పాకాల నుంచి వచ్చే కుర్రాడు ఆ పాఠంలో రెండో గేరులో, అవసరమైన చోటే బ్రేకు తొక్కుతూ చక్కగా కిందికి దిగాడు. నేను నేర్పింది అదే. తెర మీద 'ఇంజిన్ వేగం ఎక్కువ' అని వచ్చి 58 మార్కులు పడ్డాయి. ఏ మలుపులో, ఎందుకు అన్నది లేదు. మూడో రోజు అదే కుర్రాడు నాలుగో గేరులో, పైనుంచి కిందిదాకా బ్రేకు మీది కాలు తీయకుండా దిగాడు. 91 మార్కులు, పైగా 'చాలా బాగుంది' అని మెచ్చుకోలు. ఎందుకురా అలా దిగావంటే, "రెండో గేరు వేస్తే మార్కులు పోతున్నాయి సార్" అన్నాడు. ఆ మాట విని నాకు భయమేసింది.

తిరుమల నుంచి బండ్లు దిగేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు మీదుగా. 1974 నాటి రెండో రోడ్డు ఎక్కడానికి. ఇటు మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్ ఉంది. మా దగ్గర నేర్చుకున్నవాడు రేపు 40 మందిని ఎక్కించుకుని ఇలాంటి చోట్ల దిగాల్సినవాడు. అదేపనిగా బ్రేకు తొక్కితే డ్రమ్ములు, లైనర్లు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. మాటిమాటికీ తొక్కి వదిలితే బ్రేకులు పట్టించే ట్యాంకులోని ఎయిర్ పడిపోతుంది. బండి వేగమందుకున్నాక గేరు తగ్గిద్దామన్నా పడదు. అందుకే ఎక్కిన గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెప్పేది. దిగేటప్పుడు ఇంజిన్ మోత పెరగడం తప్పెలా అవుతుంది? చిన్న గేరులో బండిని పట్టి ఉంచేది ఆ ఇంజినే. మీటరులో ముల్లు ఎర్ర గీత దాటితే మాత్రం తప్పకుండా చెప్పాలి.

రెండుసార్లు మెయిల్ పెట్టాను. రెండుసార్లూ 'సెట్టింగులు సరిగానే ఉన్నాయి' అన్న జవాబే వచ్చింది.

ఆ పాఠంలో మార్కుల లెక్క మార్చండి. బ్రేకు ఎంతసేపు తొక్కి ఉంచాడో, ఏ గేరులో ఉన్నాడో చూసి తప్పొప్పులు చెప్పాలి. మలుపు తిప్పుతున్నప్పుడు హెచ్చరికలు చెవిలో మోగించొద్దు, అప్పుడు చూపు రోడ్డు మీదే ఉండాలి. దిగాక ఆ మలుపును మళ్లీ తెర మీద వేసి, ఏం చేశాడో, ఏం చేయాల్సిందో తెలుగులో చూపిస్తే కుర్రాళ్లకు ఎక్కుతుంది. అది సరిచేసేదాకా ఆ పాఠానికి మార్కులు కనబడకుండా చేయండి. ఇప్పుడైతే తెరలో మార్కులు పడే మూలకు కాగితం అంటించి నడుపుతున్నాను.

మీ ఇంజినీరును ఒకరిని పంపండి. పాత ఘాట్ రోడ్డులో పక్కన కూర్చోబెట్టుకుని దించుతాను. ఏ మలుపులో ఏం చెప్పాలో అక్కడే చూపిస్తాను.

ఇట్లు,
హెవీ వాహనాల శిక్షకుడు